కుదుపు లేని బండి

ఏసోబు మేస్త్రిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని తగులుద్ది. మన కొల్లేరు చుట్టుపక్కల డ్రైవర్లందరికీ తెలిసిన సంగతే ఇది. బ్రేకెందుకు పట్టట్లేదు మేస్త్రిగారూ అని అడిగావనుకో, "వచ్చిన దారినే కాలవ దాకా నడిచెళ్ళి రా" అంటాడు. వెళ్ళొచ్చేసరికి రోడ్డు మీద ఆయిలు చుక్కలు నీ కంటికే కనపడతాయి. జవాబు దొరికింది, ఆయన నోరు అరగలేదు. డెబ్బయ్యేళ్ళ మనిషి. బీడీ లేదు, చుట్ట లేదు, ఎప్పుడు చూసినా చేతిలో స్టీలు గ్లాసు, అందులో టీ. ఇంజను మీద అరిచెయ్యి ఆనించాడంటే ఆ బండి ఎన్ని చేతులు మారిందో, పాత ఓనరు పెళ్ళాంతో ఎందుకు పోట్లాడాడో కూడా చెప్పేస్తాడు. పెంచి చెబుతున్న మాటలనుకునేరు, సగం తగ్గించి చెప్పినవే ఇవి.

ఆ మేస్త్రి దగ్గర శిష్యుడిగా చేరినవాడు దాలినాయుడు. విజయనగరం అవతల ఊరు అతనిది. మన చినగొల్లపాడు పిల్ల భూలక్ష్మిని చేసుకున్నాడు. తన ఊరి వైపే పన్నెండేళ్ళు ఓ ఆస్పత్రి అంబులెన్సు తోలాడు. ఆస్పత్రి మూతపడింది, బండి అమ్ముడుపోయింది, మనిషి అత్తారింటికొచ్చి పడ్డాడు. అతనికున్న గొప్పల్లా ఒక్కటే, అతని బండెక్కిన మనిషికి కుదుపు తెలీదు. గుండెనొప్పని ఎక్కించిన పెద్దాయన ఆస్పత్రి గుమ్మంలో నిద్రలేచి "అప్పుడే తెల్లారిందా?" అనేవాడంట. అలాంటి చెయ్యి. ఇక్కడికొచ్చాకేమో బతుకంతా కుదుపే. అత్తగారు పళ్ళెం పెట్టే చప్పుళ్ళోనే నాలుగు మాటలు వినిపించేది. ఊరి కుర్రాళ్ళైతే బావా బావా అని ఆటపట్టించి ప్రాణం తీసేవాళ్ళు. "కొల్లేట్లో పోస్టు గూడబాతులే తెస్తాయి బావా, ఆ గొంతు కింద సంచుంటుంది చూడు, ఉత్తరాలు అందులోనే" అన్నారు. పాపం, మనవాడు ఒక పూటంతా గట్టు మీద నిలబడ్డాడు. ఆ రోజు నించి ఈ ఊళ్ళో ఎవడేం చెప్పినా నమ్మకూడదని ఒట్టేసుకున్నాడు.

ఉన్నదంతా ఊడ్చి ఓ పాత పికప్పు బండి కొన్నాడు. ఆ బండి కోళ్ళని మోసింది, ఇటుకలు మోసింది, ఓ ఏడాది పెళ్ళిళ్ళ బ్యాండు మేళాన్ని మోసింది. అన్నిటి చప్పుళ్ళూ దాంట్లోనే ఉండిపోయాయి. స్టార్టు చేస్తే ముందు కోడి కూసేది, తర్వాత డప్పు మోగేది. ఆ బండి పట్టుకుని సత్తిరాజుగారి దగ్గరికెళ్ళాడు. రాజుగారికి చేపపిల్లల్ని పెంచే చెరువులున్నాయి. వేలెడంత పెరిగిన బొచ్చె పిల్లల్నీ శీలావతి పిల్లల్నీ అక్కణ్ణించి రైతుల చెరువులకి బళ్ళ మీద పంపుతారు. బండి తొట్టిలో టార్పాలిన్ పరిచి, మోకాలు దాటి నీళ్ళు నింపి, అందులో పిల్లల్ని వదిలి తోలుకుపోవడమే. రాజుగారు బండి కేసి చూశారు, మనిషి కేసి చూశారు. "ఒక్క లోడిస్తా నాయుడూ. కొత్తలంకలో సుబ్బారాయుడి చెరువుకి. పిల్లలు బతికి చేరాయా, ఈ సీజనంతా నీ బండే. తేలిపోయాయా, మళ్ళీ నా గేటు దగ్గర హారను కొట్టకు" అన్నారు. దాలినాయుడికి ఇంకో గేటు లేదు.

ఆ రోజే మేస్త్రి దగ్గరికొచ్చి అడిగాడు. "గురువుగారూ, బండికి కుదుపన్నది పూర్తిగా పోవాలంటే ఏటి సెయ్యాలండి?"

మేస్త్రి టీ తాగి, గ్లాసు బోర్లించి, "పోగొట్టి తీసుకురా, చూద్దాం" అన్నాడు.

ఇంకేం, పని మొదలైంది. చేతిలో డబ్బు లేదు, షెడ్డుకిచ్చే స్తోమత లేదు, అత్తగారి పెరడే వర్క్‌షాపు. లారీ టైరు ముక్కలు కోసి చక్రాల మీది కమాన్ పట్టీల దగ్గర మెత్తలు పెట్టాడు. తొట్టి అడుగున కొబ్బరిపీచు పరుపొకటి, దాని మీద పాత ఫ్లెక్సీ బ్యానర్లు, ఆ పైన టార్పాలిన్. కైకలూరులో మూసేసిన సినిమా హాలు సామాన్లలో ఓ బాల్కనీ కుర్చీ దొరికితే తెచ్చి డ్రైవరు సీటు చేశాడు. దాంట్లో కూచుంటే ఇంటర్వెల్లు దాకా లేవబుద్ధి కాదు, అంత మెత్తన. బండి తోలి చూస్తే కుదుపు సగం పోయింది. మళ్ళీ వెళ్ళి అదే అడిగాడు. మేస్త్రి, "సగమే పోయిందా? నీళ్ళు పోసి చూశావా?" అన్నాడు. నీళ్ళు నింపి, వీధి చివర బ్రేకు కొట్టాడు. చూస్కోండి, తొట్టిలో నీళ్ళు క్యాబిను మీంచి ఎగిరి, పక్కన మంచం మీద అత్తగారు ఆరబెట్టిన అప్పడాల మీద పడ్డాయి. ఆవిడ అప్పుడన్న మాటలు ఇక్కడ చెప్పేవి కావు. మొత్తానికి కుదుపెక్కడ దాక్కుందో మనవాడికి దొరికిపోయింది. బండిలో పోయింది, నీళ్ళలో మిగిలింది.

నీళ్ళు ఊగకూడదంటే అడ్డాలు కావాలి. ఎవరింట్లోనో పీకేసిన బాత్‌రూమ్ ప్లాస్టిక్ తలుపులు మూడు సంపాదించాడు. తొట్టిలో అటూ ఇటూ ఇనుప పట్టాలు బిగించి, వాటి మధ్యన తలుపుల్ని నిలువుగా దించాడు. కింద నాలుగు చిల్లులు పెట్టాడు, చేపలు అటూ ఇటూ తిరగడానికి. ఒక తలుపుకి గడియ కూడా అలాగే ఉండిపోయింది. మళ్ళీ నీళ్ళు నింపి, మేస్త్రిని పిలిచి, ఆయన టీ గ్లాసు నిండుగా పోయించి తొట్టి అంచు మీద పెట్టి, ఊరంతా తిప్పి తెచ్చాడు. చుక్క తొణకలేదు. తొట్టిలో నీళ్ళు గడ్డ కట్టినట్టున్నాయి.

మేస్త్రి ఆ గ్లాసే తీసుకుని తాగాడు. బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. "టీ మొయ్యడానికి ఇంత మంచి బండి ఈ జిల్లాలో లేదు నాయుడూ" అన్నాడు.

దాలినాయుడి ఛాతీ చొక్కాలో పట్టలేదు.

ఇక్కడో ముక్క చెప్పుకోవాలి. చేపపిల్లల బండి ఏది వెళ్ళినా వెనక తొట్టిలో ఇద్దరు మనుషులు దిగి నిలబడతారు. దారి పొడుగునా చేతుల్తో నీళ్ళు కొడుతూనే ఉంటారు. వచ్చిన కొత్తలో దాలినాయుడు దానికి కారణం అడిగాడు. "చేపలు నిద్రపోకుండా బావా, నిద్రపోతే మునిగి చస్తాయి" అన్నారు కుర్రాళ్ళు. గూడబాతు దెబ్బ తిన్నవాడు కదా, ఈసారి దొరకలేదు. తన బుర్రే వాడాడు. నీళ్ళు ఊగి బయటికి దూకుతుంటాయి, అందుకే మనుషుల్ని పెట్టి వాటిని అదిలిస్తున్నారు అని తేల్చుకున్నాడు. తన బండిలో నీళ్ళే ఊగవు, ఇంక మనుషులెందుకు? లోడు ముందురోజు భూలక్ష్మి అన్నం పెడుతూ అడిగింది.

"నీళ్ళు కొట్టేవాళ్ళని మాట్లాడావా?"

"మన బండికి అక్కర్లేదు."

"అక్కర్లేకపోవడమేంటి? నీళ్ళు కొట్టకపోతే పిల్లలకి గాలందదు."

దాలినాయుడు ముద్ద నోట్లో పెట్టుకుని పడీపడీ నవ్వాడు. "నీళ్ళల్లో బతికేదానికి గాలేటే? గూడబాతు ఉత్తరాల బాపతేగా ఇదీనీ! నువ్వు కూడా మొదలెట్టినావా?"

ఎనిమిది నెలలు అబద్ధాలతో ఆడుకున్న ఊరు ఒక్కసారి నిజం చెబితే అది చెవికెక్కుద్దా? భూలక్ష్మి గిన్నె కింద పెట్టి లేచింది. చెయ్యి కడుక్కుని తిన్నగా మేస్త్రి షెడ్డుకెళ్ళి గుమ్మంలో నిలబడింది. "మేస్త్రిగారూ, రేపు ఆ బండెక్కి మీరూ వెళ్తారా?"

"వెళ్తా తల్లీ. ఫ్లాస్కు నిండా టీ పోసివ్వు" అన్నాడాయన.

తెల్లారి చల్లటి పూట రాజుగారి చెరువు గట్టు మీద లోడింగు మొదలైంది. తలుపులు చూసి పనివాళ్ళు పగలబడి నవ్వారు. "ఏంటి బావా, చేపలకి స్నానాల గదులు కట్టించావా? గడియ లోపల్నించి పెట్టుకుంటాయా?" అని ఒకడు, "మేం తలుపు తట్టకుండా లోపలికి రాంలే" అని ఇంకొకడు. లోడు రాసే పెద్దాయన మాత్రం నవ్వలేదు. "నీళ్ళు కొట్టే మనుషులేరయ్యా? లేకపోతే బండి కదలనివ్వను" అన్నాడు. దాలినాయుడు నోరు తెరిచేలోపే మేస్త్రి పంచె ఎగ్గట్టి తొట్టి అంచు మీదికెక్కి, కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసి కూచున్నాడు. "నేనున్నాగా" అన్నాడు. ఆయన మాటంటే మాటే. పెద్దాయన చీటీ చింపి ఇచ్చాడు.

కొత్త హైవే ఎక్కాక ఇంకేం ఉంది, బండి నూనె మీద జారినట్టు వెళ్ళిపోయింది. దాలినాయుడు సినిమా కుర్చీలో వెనక్కి వాలి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, కూనిరాగం తీశాడు. అద్దంలో చూస్తే మేస్త్రి ఉయ్యాల బల్ల మీద పెళ్ళిపెద్దలాగా కూచుని టీ తాగుతున్నాడు. నీళ్ళు కదలట్లేదు. చప్పుడే లేదు. సీజనంతా ఇలాగే తోలితే అత్తగారు పళ్ళెం చప్పుడు చెయ్యకుండా పెడుతుంది అనుకున్నాడు. రాజుగారి గేటు దగ్గర హారను ఎలా కొట్టాలో కూడా మనసులో కొట్టి చూసుకున్నాడు, రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. అరగంట గడిచింది. క్యాబిను మీద రెండు దెబ్బలు పడ్డాయి.

బండి పక్కకి తీసి ఆపాడు. "ఏటండి గురువుగారూ?"

"ఒకసారి ఎక్కి నీ పేషెంట్లని చూస్కో."

టైరు మీద కాలేసి పైకెక్కి చూశాడు. నీళ్ళు అద్దంలాగా ఉన్నాయి. ఆ అద్దం నిండా నోళ్ళు. వేలెడంత పిల్లలన్నీ పైకొచ్చేసి, చిన్న చిన్న నోళ్ళు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి, తెరుస్తున్నాయి. అక్కడక్కడా కొన్ని అప్పటికే పక్కకి ఒరిగి తెల్లటి పొట్టలు చూపిస్తున్నాయి. దాలినాయుడు తొట్టి అంచు మీదికి వంగాడు. అలాంటి నోళ్ళు అతనికి కొత్త కాదు. పన్నెండేళ్ళు చూశాడు.

"గురువుగారూ, ఇయ్యి, ఇయ్యి సచ్చిపోతన్నాయండి! ఏటి సెయ్యాలండి?"

మేస్త్రి ఫ్లాస్కు మూత బిగించాడు. "నీ అంబులెన్సులో ఆ మూలన ఏముండేది?"

"సిలిండరండి. ఆక్సిజనండి."

"ఇక్కడేదీ?"

దాలినాయుడు నీళ్ళ కేసి చూశాడు. తలుపుల కేసి చూశాడు. వచ్చిన కాడినించీ ఈ ఊళ్ళో ప్రతి బండిలోనూ ఎగిరెగిరి పడే నీళ్ళూ, వాటిని కొట్టే చేతులూ, నిన్న రాత్రి అన్నం పెడుతూ పెళ్ళాం అన్న మాటా, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నీళ్ళు ఎగిరితేనే గాలిని తెచ్చుకుంటాయి. ఆ ఎగురుడుకే తను తలుపులేసి గడియ పెట్టాడు.

చొక్కా తీయలేదు, చెప్పులు విప్పలేదు, తొట్టిలోకి దూకాడు. మొదటి తలుపు పైకి లాగి రోడ్డు పక్కన పడేశాడు. రెండోది లాగాడు. గడియ ఉన్న మూడోది పట్టాలో ఇరుక్కుంది. లాగాడు, తిట్టాడు, బతిమాలాడు, చివరికి కాలితో ఒక్క తన్ను తన్నితే రెండు ముక్కలై బయటికొచ్చింది. అప్పటికి మేస్త్రి దిగి ఆ తలుపుల్ని ఏరి తాడుతో క్యాబిను మీద కట్టేశాడు. తాళంచెవి తీసుకుని సినిమా కుర్చీలో కూచున్నాడు. "నేను తోలతా. నువ్వు అక్కడే ఉండు" అన్నాడు. బండిని హైవే మీంచి దింపి, కుడి పక్కకి గట్టు రోడ్డెక్కించాడు.

ఆ గట్టు రోడ్డు సంగతి ఎరక్క ఎవరైనా వెళ్తే, ముందు కట్టుడుపళ్ళు తీసి జేబులో వేసుకోవాలి. ఆటోవాళ్ళు ఆ దారి పేరెత్తితే దండం పెడతారు. ఒక గుంతలో పోయినేడాది బాతులు గుడ్లు పెట్టి పొదిగి పిల్లల్ని కూడా తోలుకుపోయాయి. మేస్త్రి ఆ రోడ్డు మీద ఒక్క గుంత వదల్లేదు. ఎడం పక్కది, కుడి పక్కది, మధ్యది, వరస తప్పకుండా చక్రం దించుకుంటూ పోయాడు. దించినప్పుడల్లా తొట్టిలో నీళ్ళు మనిషెత్తు లేచి విరిగి పడ్డాయి. పడ్డ చోట తెల్లగా నురగ. ఆ నురగలోంచి పిల్లలు కిందికి దిగాయి. దాలినాయుడు రెండు చేతుల్తో నీళ్ళని బాదుతున్నాడు. ఇటు పక్క ఇనుముకి నడుం తగిలింది, అటు పక్క ఇనుముకి భుజం తగిలింది, నోట్లోకి చెరువు నీళ్ళు పోయాయి, కాళ్ళ మధ్యన చేపపిల్లలు వేలకి వేలు దూసుకుపోతున్నాయి. ఒకచోట రోడ్డు కాస్త చదునుగా వచ్చింది. నీళ్ళు సర్దుకున్నాయి. మళ్ళీ నాలుగు నోళ్ళు పైకి తేలాయి.

దాలినాయుడు క్యాబిను మీద దబదబా బాదాడు. "గుంత! గుంత సూడండి గురువుగారూ! ఎడం పక్కన పెద్దదొదిలేసినారు! ఎనక్కి పోనీండి!"

మేస్త్రి నిజంగానే వెనక్కి పోనిచ్చి, ఆ గుంతలో రెండుసార్లు దించాడు. పన్నెండేళ్ళలో ఒక్క ముసలమ్మకి కూడా కుదుపు తగలనివ్వని మనిషి, గట్టు మీద పోయే బండిలోంచి "ఇంకా గట్టిగా! ఇంకా!" అని అరుస్తుంటే, పొలాల్లో నాట్లేసే ఆడవాళ్ళు నడుములెత్తి నిలబడి చూశారు.

కొత్తలంక చేరేసరికి రాజుగారు బుల్లెట్టు మీద వచ్చి చెరువు గట్టున నిలబడున్నారు. రైతు సుబ్బారాయుడు వలగుడ్డ పట్టి కొన్ని పిల్లల్ని ఎత్తి చూశాడు. తోకలు కొట్టి అతని మొహం మీద నీళ్ళు చిమ్మాయి. మిగతావి చెరువులోకి వదిలితే చీకట్లోకి జారినట్టు అడుగుకి జారిపోయాయి. తొట్టి అడుగున చచ్చినవి రెండు గుప్పిళ్ళు మిగిలాయి. దాలినాయుడు వాటిని తువ్వాల్లోకి ఏరుకున్నాడు. రాజుగారు అతని వైపు చూశారు. తల నించి కాలి దాకా నీళ్ళు కారుతున్నాయి, చేతులు ఎర్రగా వాచాయి, మోచెయ్యి చీరుకుపోయింది.

"నీళ్ళు కొట్టింది నువ్వేనా?"

"అవునండి."

"ఒక్కడివేనా?"

"రోడ్డు కూడా కొట్టినాదండి."

రాజుగారు మీసం కింద నవ్వారు. "రేపు పొద్దున్నే గేటు దగ్గర హారను కొట్టు. ఇద్దరు మనుషుల్ని తెచ్చుకో" అన్నారు. బుల్లెట్టు స్టార్టు చేసి, క్యాబిను మీద తలుపులు చూసి ఆగారు. "ఇవేంటి?"

"మా నాయుడు ఇంట్లో బాత్‌రూమ్ కట్టిస్తున్నాడండి" అన్నాడు మేస్త్రి.

తిరిగి వచ్చేటప్పుడు కూడా మేస్త్రే తోలాడు. దాలినాయుడు తువ్వాలు మూట ఒళ్ళో పెట్టుకుని పక్కన కూచున్నాడు. మూట విప్పి చూసి అన్నాడు, "మీకు ముందే తెలుసు గదండి గురువుగారూ. సెప్పుంటే ఈ రెండు గుప్పిళ్ళూ సచ్చేవి కావు గదా."

"చెప్పారుగా. నీ పెళ్ళాం చెప్పింది." కాస్త దూరం పోయాక మేస్త్రి మళ్ళీ అన్నాడు, "ఆ రెండు గుప్పిళ్ళలో ఒకటి నాది." ఇంటికొచ్చాక పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో ఇద్దరూ కలిసే గొయ్యి తీసి పూడ్చారు. ఆ రోజు ఆయన టీ కూడా తాగలేదు. ఇది ఎవరూ నమ్మరు గానీ, నిజం.

సాయంత్రం దాలినాయుడు పెరట్లో బండి మీద పడ్డాడు. అంతకు ముందు వంటింట్లోకెళ్ళి భూలక్ష్మితో ఏదో అన్నాడు. ఏమన్నాడో తెలీదు గానీ, ఆవిడ నవ్వుతూ బయటికొచ్చి పానా అందించింది. టైరు మెత్తలు పీకాడు. పీచు పరుపు లాగేశాడు. పట్టాలు విప్పాడు. అంతటితో ఆగకుండా క్యాబిన్లోకి దూరి, సినిమా కుర్చీ బోల్టులు కూడా తిప్పడం మొదలుపెట్టాడు. మేస్త్రి అరుగు మీద కూచుని, గ్లాసు చేత్తో పట్టుకుని చూస్తున్నాడు.

"అదెందుకు పీకుతున్నావు?"

"ఇంక మెత్తనన్నదే వద్దండి గురువుగారూ. అన్నింటికీ కుదుపుండాల. చెక్క పలక ఏసుకుని కూచుంటాను."

అప్పుడే ఇంట్లోంచి అత్తగారి గొంతు పెరడంతా వినపడేలా వచ్చింది. "అల్లుడుగారూ! తలుపులైతే తెచ్చారు, నా అప్పడాల మాటేంటి?"

మేస్త్రి ఆ గొంతొచ్చిన వైపు ఒకసారి చూశాడు. టీ చివరి గుక్క తాగి, గ్లాసు బోర్లించాడు.

"సీటుండనీ నాయుడూ. మెత్తగానే కూచో" అన్నాడు. "రోడ్డుందిగా."